నికెల్ హైడ్రాక్సైడ్ ఎలక్ట్రోడ్‌కు ఏ కండక్టివ్ కోటింగ్? కోబాల్ట్ పొర, కోబాల్ట్ పొడి, నికెల్, కార్బన్: ఎప్పుడు ఏది

నికెల్-మెటల్ హైడ్రైడ్, నికెల్-కాడ్మియం లాంటి రీఛార్జబుల్ సెల్స్‌లో పాజిటివ్ ప్లేటు పదార్థమైన నికెల్ హైడ్రాక్సైడ్ నుంచి లెక్క ప్రకారం గ్రాముకు 289 మిల్లీఆంపియర్ అవర్లు రావాలి. పౌడర్ మంచిదే, తూకం సరిగ్గానే ఉంది, అయినా ఎలక్ట్రోడ్ చేసి డిశ్చార్జ్ చేస్తే అంత రాదు. కరెంటు పెంచితే ఇంకా తగ్గుతుంది. ఆ మిగతా కెపాసిటీ ఎక్కడికీ పోలేదు, ప్లేటులోనే ఉంది. బయటికి వచ్చే దారే మూసుకుపోయింది.

దీనికి కారణం ఆ పదార్థం స్వభావంలోనే ఉంది. ఛార్జ్ అయినప్పుడు ఏర్పడే నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్‌లో కరెంటు బాగానే నడుస్తుంది. డిశ్చార్జ్ అయ్యాక తిరిగి వచ్చే నికెల్ హైడ్రాక్సైడ్ మాత్రం దాదాపు ఇన్సులేటర్. లోహాన్ని అంటుకుని ఉన్న చోట ఈ మార్పు ముందుగా జరిగితే, లోపల ఛార్జ్ మిగిలి ఉన్న భాగానికి, లోహానికి మధ్య ఒక అడ్డుగోడ లేస్తుంది. వోల్టేజ్ ఢమాల్న పడిపోతుంది. సెల్ అయిపోయిందనుకుంటాం.

కోటింగ్ గురించి ఆలోచించే ముందు మీ సమస్య నిజంగా ఇదేనా అని చూసుకోండి. సెల్‌ను 1సీ రేటుతో, అంటే కెపాసిటీ మొత్తం ఒక గంటలో ఖాళీ అయ్యే కరెంటుతో, 1.0 వోల్టు వరకు డిశ్చార్జ్ చేయండి. ఒక గంట ఊరికే వదిలేసి, తర్వాత 0.05సీ తో మళ్లీ లాగండి. రెండోసారి గణనీయంగా కెపాసిటీ వస్తే మీ పౌడర్‌కు కరెంటు దారి కావాలని అర్థం. కొన్నిసార్లు మామూలు వోల్టేజ్ కంటే బాగా కింద రెండో మెట్టులా ఇంకో ప్లాటో, అంటే వోల్టేజ్ దాదాపు మారకుండా సాగే భాగం, కనిపిస్తుంది, అదీ ఇదే జబ్బుకు గుర్తు. నెమ్మదిగా లాగినా ఏమీ రాకపోతే కోటింగ్ మీద డబ్బు పెట్టకండి. తప్పు ఛార్జింగ్‌లోనో, పౌడర్ స్ఫటిక నిర్మాణంలోనో, నెగెటివ్ ప్లేటులోనో ఉంది.

ముందు ప్లేటు ఏదో తేల్చుకోండి

చాలామంది నేరుగా కోటింగ్‌ల పోలికలోకి దిగిపోతారు. నా లెక్కలో మొదటి ప్రశ్న అది కాదు. పౌడర్ ఎందులో కూర్చుంటుందన్నదే సగం జవాబు చెప్పేస్తుంది.

నికెల్ పౌడర్‌ను వేడితో అతికించి చేసే సింటర్డ్ ప్లేటులో రంధ్రాలు 10 మైక్రాన్ల స్థాయిలో ఉంటాయి. ఎక్కడ చూసినా పక్కనే నికెల్ లోహం ఉంటుంది. అక్కడ ప్రత్యేకంగా కండక్టివ్ పొర అవసరం చాలా తక్కువ. స్పాంజిలా ఉండే నికెల్ లోహపు ఫోమ్ కథ వేరు. అందులో 95 శాతం దాకా ఖాళీయే, అందుకే ఎక్కువ పౌడర్ పడుతుంది, అందుకే ఎక్కువ కెపాసిటీ. కానీ రంధ్రాలు కొన్ని వందల మైక్రాన్లుంటాయి. పౌడర్ రేణువు 10 మైక్రాన్లు, రంధ్రం 400 మైక్రాన్లు అనుకుంటే గోడ నుంచి మధ్యకు వరసగా 20 రేణువులు. మధ్యలో ఉన్న రేణువులోని ఎలక్ట్రాన్ ఇన్ని రేణువులను దాటుకుని లోహాన్ని చేరాలి. కోటింగ్ అవసరమంతా ఇక్కడే పుట్టింది.

ఈ తలనొప్పి ఇప్పటిది కాదు. ఎడిసన్ తన నికెల్-ఇనుము బ్యాటరీలో మొదట గ్రాఫైట్ కలిపారు. అది నిలవక వదిలేసి, చిల్లులున్న సన్నని గొట్టాల్లో నికెల్ హైడ్రాక్సైడ్ ఒక పొర, అతి పలుచని నికెల్ రేకులు ఒక పొర చొప్పున వందల పొరలు కూరించారు. ఆ రేకుల కోసం రాగి, నికెల్ మార్చి మార్చి ప్లేటింగ్ చేసి, తర్వాత రాగిని కరిగించేసేవారు. అంత ఖర్చు పెట్టి చేశారంటే కండక్టివిటీ సమస్య ఎంత మొండిదో తెలుస్తుంది.

ఇక ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా ఫోమ్‌లో పేస్టు పట్టించిన ఎలక్ట్రోడ్ల గురించే.

కోబాల్ట్ ఎందుకు ఇంతగా నిలబడింది

కోబాల్ట్ హైడ్రాక్సైడ్ ఛార్జ్ అయ్యే వోల్టేజ్ నికెల్ హైడ్రాక్సైడ్ కంటే తక్కువ. హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే కోబాల్ట్‌ది సుమారు 0.17 వోల్టు, నికెల్‌ది 0.49. అంటే మొదటి ఛార్జ్‌లో నికెల్ మొదలవకముందే కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారి కరెంటుకు దారి వేసేస్తుంది. డిశ్చార్జ్‌లో నికెల్ ఖాళీ అయ్యే వోల్టేజ్ దగ్గర ఇది కదలదు, ఉన్నచోటే ఉంటుంది. అవసరమైనప్పుడు ఏర్పడుతుంది, వాడేటప్పుడు చెదరదు. ఈ రెండు గుణాలూ ఒకే పదార్థంలో, అదీ గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్‌లో దొరకడం అరుదు. అందుకే ధర ఎంత ఇబ్బంది పెట్టినా పరిశ్రమ దీన్ని వదల్లేదు.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. కోబాల్ట్ హైడ్రాక్సైడ్ తనంతట తాను మంచి కండక్టర్ కాదు. ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారాకే దానికి ఆ గుణం వస్తుంది. కాబట్టి అసలు పోలిక "కోబాల్ట్ వాడాలా వద్దా" అన్నదానికంటే, కోబాల్ట్‌ను ఏ రూపంలో, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ఆక్సిడైజ్ చేయాలి అన్న దగ్గర ఉంది.

పొడిగా కలపడం

అన్నిటికంటే సులువు ఇదే. పేస్టు చేసేటప్పుడే కోబాల్ట్ మోనాక్సైడ్ పౌడర్‌నో, సన్నని కోబాల్ట్ లోహపు పౌడర్‌నో కలిపేస్తారు. ప్రత్యేక యంత్రాలు అక్కర్లేదు. సెల్‌లో ఎలక్ట్రోలైట్ పోశాక కోబాల్ట్ మోనాక్సైడ్ కొద్దికొద్దిగా కరిగి, రేణువుల మీద, వాటి సందుల్లో మళ్లీ పేరుకుంటుంది. ఇది కళ్లతో చూడాలనుంటే చిటికెడు కోబాల్ట్ మోనాక్సైడ్‌ను గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మూత పెట్టి ఉంచండి. ద్రవం నీలంగా మారుతుంది. ఆ నీలం కరిగిన కోబాల్ట్‌దే. మూత తీసి గాలి తగలనిస్తే కాసేపటికి గోధుమరంగు మడ్డి దిగుతుంది.

ఈ పద్ధతి ఫలితం పూర్తిగా మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. ఎలక్ట్రోలైట్ పోసిన వెంటనే ఛార్జ్‌కు పెడితే కోబాల్ట్‌కు కరిగి పరుచుకునే సమయం దొరకదు, ఎక్కడ కలిపిన ముద్ద అక్కడే ఆక్సిడైజ్ అయిపోతుంది. కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా నాననివ్వాలి. మొదటి ఛార్జ్ 0.05సీ, 0.1సీ లాంటి నిదానపు రేటుతో సాగాలి. ఆ ఛార్జ్ కర్వ్‌లో నికెల్ ప్లాటోకు ముందు కింద చిన్న మెట్టు కనిపిస్తే కోబాల్ట్ పని జరుగుతున్నట్టు.

కాలేజీ ల్యాబ్‌లో పౌడర్‌ల పోలిక కోసమో, చిన్న బ్యాచ్‌ల కోసమో అయితే నేను దీన్నే సూచిస్తాను. కోటింగ్ కెమిస్ట్రీ అదుపులోకి రాకముందే కోటింగ్ చేసిన పౌడర్‌ల మీద తీర్మానాలు చేయడం కంటే, అందరికీ ఒకేలా వచ్చే ఈ పద్ధతితో మొదలుపెట్టడం మేలు. వీలైతే లోహపు కోబాల్ట్ కాకుండా కోబాల్ట్ మోనాక్సైడే తీసుకోండి. ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

రేణువు మీదే పొర వేయడం

తయారైన గుండ్రటి నికెల్ హైడ్రాక్సైడ్ రేణువులను నీళ్లలో కలియబెడుతూ, కోబాల్ట్ సల్ఫేట్ ద్రావణం, సోడియం హైడ్రాక్సైడ్, కొంచెం అమ్మోనియా నిదానంగా వదులుతారు. కోబాల్ట్ హైడ్రాక్సైడ్ ప్రతి రేణువు చుట్టూ, బెల్లం గవ్వలకు పాకం పట్టినట్టు, పలుచగా పడుతుంది. పొడి కలపడంలో కోబాల్ట్ ఎటు పోతుందో అదృష్టం మీద వదిలేస్తాం, ఇందులో మనం పెట్టినచోటే ఉంటుంది. అందుకే అదే ఫలితానికి తక్కువ కోబాల్ట్ సరిపోతుంది.

పొర ఎంత పలుచనో ఒకసారి లెక్కేద్దాం. 10 మైక్రాన్ల గుండ్రటి రేణువు మీద బరువులో 5 శాతం కోబాల్ట్ హైడ్రాక్సైడ్ వేస్తే, ఉపరితలం నున్నగా ఉందనుకుంటే, పొర మందం దాదాపు 0.1 మైక్రాన్ వస్తుంది. 10 శాతం వేస్తే దాదాపు రెట్టింపు. అంత పలుచని పొర ఒకవైపు పడి ఇంకోవైపు పడకపోతే ప్రయోజనం పోతుంది. కాబట్టి ఎంత శాతం వేశామన్నదాని కంటే ఎంత సమంగా వేశామన్నదే నాకు ముఖ్యం. 7 శాతం గరుకు కోటింగ్ కంటే 4 శాతం సమమైన కోటింగ్‌నే ఎంచుకుంటాను.

సమంగా పడిందో లేదో చెప్పడానికి ముందే ఖరీదైన మైక్రోస్కోపు అక్కర్లేదు. కలియబెట్టడం ఆపండి. బరువైన గుండ్రటి రేణువులు త్వరగా అడుగుకు చేరతాయి. పైన నీరు తేటగా ఉంటే కోబాల్ట్ రేణువుల మీదకే వెళ్లినట్టు. నీరు మబ్బుగా, గులాబీ లేదా గోధుమ ఛాయలో చాలాసేపు నిలిచి ఉంటే కోబాల్ట్ విడిగా సన్నని రేణువులుగా పుట్టేసింది. ద్రావణం వేగంగా పోశారు, లేదా పోసిన చోట పీహెచ్ ఒక్కసారిగా ఎగిసింది. అప్పుడు మీ చేతిలో ఉన్నది కోటింగ్ పౌడర్ కాదు, ఖర్చెక్కువైన మిశ్రమం. ప్రవాహాన్ని సగానికి తగ్గించి, గొట్టం చివరను కలియబెట్టే రెక్కకు దగ్గరగా పెట్టి మళ్లీ చేయండి.

ముందే ఆక్సిడైజ్ చేసిన పొర

ఇక అసలు తేడా చూపించే మెట్టు ఇది. పొర వేసిన పౌడర్‌ను గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌తో తడిపి, వేడి గాలిలో సుమారు 100 డిగ్రీల దగ్గర కలియతిప్పుతారు. కోబాల్ట్ సెల్‌లోకి వెళ్లకముందే ఆక్సీహైడ్రాక్సైడ్ అవుతుంది. సోడియం కొంత పొరలోకి చేరుతుంది, కోబాల్ట్ సగటు వేలెన్సీ 3 దాటుతుంది, కండక్టివిటీ మామూలు ఆక్సీహైడ్రాక్సైడ్ కంటే బాగా పెరుగుతుంది. జపాన్ కంపెనీలు 1990లలో ఈ దారి పట్టాయి. ఇందులో క్షారం ఉండటం తప్పనిసరి. అది లేకుండా పొడిగా ఓవెన్‌లో వేడిచేస్తే ఏర్పడేది చాలావరకు కోబాల్ట్ స్పినెల్ ఆక్సైడ్. పౌడర్ నల్లగానే కనిపిస్తుంది, కానీ కరెంటు సరిగా నడవదు. రంగు చూసి నమ్మకండి. కొంచెం పౌడర్‌ను అచ్చులో నొక్కి రెసిస్టెన్స్ కొలిస్తే నిమిషాల్లో విషయం తెలిసిపోతుంది.

లాభం రెండు వైపులా ఉంది. మొదటిది రిజర్వ్ లెక్క, అంటే నెగెటివ్ ప్లేటులో వాడకుండా మిగిలిపోయే ఛార్జ్ లెక్క. మామూలు కోబాల్ట్ మొదటి ఛార్జ్‌లో ఆక్సిడైజ్ అయినప్పుడు ఖర్చయ్యే ఛార్జ్ నెగెటివ్‌లో చేరి, డిశ్చార్జ్‌లో తిరిగి రాకుండా అక్కడే కూర్చుంటుంది. 100 గ్రాముల పాజిటివ్ పౌడర్‌లో 3 గ్రాముల కోబాల్ట్ ఉందనుకోండి. అది లోహంగా ఉంటే సిద్ధాంతపరంగా 4.1 ఆంపియర్ అవర్లు ఇలా చిక్కుకుంటాయి. మోనాక్సైడ్‌గానో హైడ్రాక్సైడ్‌గానో ఉంటే 1.4. ముందే ఆక్సిడైజ్ అయి ఉంటే దాదాపు సున్నా. ఆ 100 గ్రాముల నుంచి మనకు వచ్చే మొత్తం కెపాసిటీయే 27 ఆంపియర్ అవర్ల చుట్టుపక్కల కాబట్టి, ఇది 15 శాతానికి, 5 శాతానికి, సున్నాకు మధ్య ఉన్న తేడా. ఆ మేరకు నెగెటివ్‌లోని ఖరీదైన హైడ్రైడ్ మిశ్రలోహాన్ని తగ్గించుకుని, మిగిలిన చోటులో పాజిటివ్ పెంచుకోవచ్చు.

రెండోది నిల్వ. సెల్ వోల్టేజ్ 1.0 కంటే కిందికి జారి అక్కడే ఎక్కువ కాలం ఉంటే కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్ కూడా వెనక్కి మారుతుంది, కరిగి చెదిరిపోతుంది. మళ్లీ ఛార్జ్ చేసినా పాత దారి పాతలా ఏర్పడదు. స్విచ్ ఆపడం మర్చిపోయిన టార్చిలైటు, డ్రాయర్‌లో నెలల తరబడి పడి ఉన్న బొమ్మ, వీటిలో సెల్స్ కెపాసిటీ కోల్పోవడానికి ఇదొక పెద్ద కారణం. సోడియం చేరిన పొర ఈ దెబ్బను చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. 2005లో శాన్యో ఎనలూప్ తెచ్చాక, ఛార్జ్ చేసి అమ్మే నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్స్ మామూలైపోయాయి. షాపు అరలో, ఇంట్లో ఏళ్ల తరబడి ఉండాల్సిన సెల్‌కు పాజిటివ్‌లో ఈ ఓర్పు ఉండాల్సిందే.

ఇబ్బందులూ ఉన్నాయి. గాఢ క్షారం, వేడి, గాలి మూడూ కలిసిన ప్రక్రియ ఇది, రక్షణ ఏర్పాట్లు లేకుండా చేయకూడదు. మితిమీరితే లోపలి నికెల్ కూడా కొంత ఆక్సిడైజ్ అయ్యి మీ ఛార్జ్ లెక్క మారుతుంది. అయినా ఫోమ్ ఎలక్ట్రోడ్‌తో అమ్మకానికి సెల్ చేసేవాళ్లెవరు అడిగినా నా సలహా ఇదే. పౌడర్ ధర కిలోకు ఎక్కువే, కానీ సెల్ ధరగా చూస్తే నెగెటివ్‌లో ఆదా దాన్ని చాలావరకు తిరిగిస్తుంది.

కోబాల్ట్ లేకుండా కుదరదా

ఈ ప్రశ్న సబబే. ప్రపంచ కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో గనులదే. 2018 మార్చిలో టన్ను ధర 90 వేల డాలర్లు దాటింది, తర్వాత పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కాంగో కొన్ని నెలల పాటు ఎగుమతులనే నిలిపేసింది. ఇంత ఊగిసలాడే సరుకు మీద ఆధారపడటం ఏ తయారీదారుకైనా టెన్షనే.

కార్బన్ వైపు చూసేవాళ్లు ఎక్కువ. గ్రాఫీన్, నానోట్యూబ్‌లతో నికెల్ హైడ్రాక్సైడ్ కలిపిన పరిశోధన పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో అంకెలు చూసి ఆశపడే ముందు రెండు విషయాలు వెతకండి: చదరపు సెంటీమీటరుకు ఎంత పదార్థం పెట్టారు, ఎలక్ట్రోడ్ ఘనపరిమాణానికి ఎంత కెపాసిటీ వచ్చింది. పలుచని ఫిల్మ్‌లో గ్రాముకు వచ్చే గొప్ప విలువ, సెల్ డబ్బాలో కూరినప్పుడు నిలవకపోవచ్చు. కార్బన్ చోటు తింటుంది, గుండ్రటి పౌడర్ సాంద్రత అనే పెద్ద లాభాన్ని పోగొడుతుంది. అసలు ఇబ్బంది ఇంకా లోతైనది. ఛార్జ్ చివర్లో పాజిటివ్ దగ్గర ఆక్సిజన్ పుడుతుంది. క్షారంలో, ఆ వోల్టేజ్‌లో కార్బన్ మెల్లగా ఆక్సిడైజ్ అయ్యి కార్బొనేట్‌గా మారి ఎలక్ట్రోలైట్‌లో చేరుతుంది. దారి కరిగిపోతుంది, ఎలక్ట్రోలైట్ కూడా చెడుతుంది.

అలాగని కార్బన్‌కు చోటు లేదని కాదు. పాకెట్ ప్లేట్ నికెల్-కాడ్మియం బ్యాటరీల పాజిటివ్‌లో గ్రాఫైట్ దశాబ్దాలుగా పనిచేస్తోంది. హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ ఈ రకం బ్యాటరీల తయారీలో పేరున్న సంస్థ. అవి ఎలక్ట్రోలైట్ నిండుగా ఉండే పెద్ద సెల్స్, కార్బొనేట్ పెరిగినప్పుడు ఎలక్ట్రోలైట్ మార్చుకునే వీలుంది. మూత బిగించిన చిన్న సెల్‌కు ఆ అవకాశమే లేదు. సూపర్‌కెపాసిటర్ తరహా పలుచని ఎలక్ట్రోడ్లకైతే కార్బన్ సరైన ఎంపికే.

కార్బొనిల్ నికెల్ పౌడర్, అంటే అతి సన్నని నికెల్ లోహపు పొడి, ఇంకో దారి. సన్నని గొలుసుల్లాంటి ఆకారంతో రేణువుల మధ్య అల్లుకుంటుంది. ఎంత లోతుగా డిశ్చార్జ్ చేసినా కరిగిపోదు, అది దాని పెద్ద బలం. కానీ కెపాసిటీ ఇవ్వని బరువు, పైగా రేణువును చుట్టుకోదు, అక్కడక్కడా తాకుతుంది అంతే. నిదానంగా లాగే సెల్స్‌కు సరిపోతుంది. కోబాల్ట్‌ను పూర్తిగా మానేయడానికి కాకుండా, సగానికి తగ్గించడానికి దీన్ని తోడుగా వాడమంటాను. రేణువుల మీద ఎలక్ట్రోలెస్, అంటే కరెంటు లేకుండా రసాయనాలతో చేసే, నికెల్ ప్లేటింగ్ కూడా చేస్తారు. పొర మందమైతే అయాన్ల రాకపోకలకు అడ్డం, పలుచనైతే కోబాల్ట్‌కు పోటీ రాదు. నాకు దాని మీద అంత నమ్మకం లేదు.

కలిపి గందరగోళ పడొద్దు

సప్లయర్ల పత్రాల్లో "కోబాల్ట్ 1.5 శాతం, జింక్ 4 శాతం" లాంటి మాటలుంటాయి. అవి సాధారణంగా రేణువు లోపల కలిసిపోయినవి. లోపలి జింక్ ఓవర్‌ఛార్జ్‌లో గామా అనే స్ఫటిక రూపం రాకుండా ఆపుతుంది. ఆ రూపంలో పొరల మధ్య దూరం 4.6 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 7 దాకా సాగి ప్లేటు ఉబ్బుతుంది. లోపలి కోబాల్ట్ ఛార్జింగ్ వోల్టేజ్‌ను దించి ఆక్సిజన్ పుట్టుకను వెనక్కి నెడుతుంది. ఇవి రేణువుల మధ్య దారి వేయవు. పైపొర కోబాల్ట్ ఎంతో విడిగా అడగండి.

పాజిటివ్‌లో కలిపే ఇట్రియం ఆక్సైడ్, ఇటర్బియం ఆక్సైడ్ పని కూడా వేరు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే చోట ఛార్జ్ అయ్యే సెల్స్‌కు, అంటే రామగుండంలోనో రెంటచింతలలోనో బయట పెట్టే సోలార్ లైటుకు, ఇవి ఎంతో అవసరం. వేడిలో ఆక్సిజన్ తొందరగా పుట్టి ఛార్జ్ వృథా అవుతుంది, దాన్ని ఇవి అడ్డుకుంటాయి. కండక్టివ్ కోటింగ్ ఎంత మంచిదైనా ఈ పని చేయలేదు. సోలార్ లైటుకు రెండూ కావాలి. ఇట్రియం వేడి కోసం, ముందే ఆక్సిడైజ్ చేసిన కోబాల్ట్ పొర వరసగా మబ్బు రోజులు వచ్చి సెల్ అడుగంటినప్పుడు కాపాడటం కోసం.

ఆల్ఫా అనే ఇంకో స్ఫటిక రూపంలోని నికెల్ హైడ్రాక్సైడ్ గురించి కూడా అడుగుతుంటారు. అల్యూమినియం చేర్చి దాన్ని క్షారంలో నిలబెట్టిన పనిని బెంగళూరులో విష్ణు కామత్, ఆయన సహచరులు 1994లో ప్రచురించారు. ఒక్కో నికెల్‌కు ఒకటి కంటే ఎక్కువ ఎలక్ట్రాన్లు ఇస్తుంది. కానీ సాంద్రత తక్కువ, డబ్బాలో పట్టేది తక్కువ. దానికీ పైపొర కావాల్సిందే, కాబట్టి కోటింగ్‌కు అది ప్రత్యామ్నాయం కాదు.

వాడకాన్ని బట్టి

పవర్ టూల్, హైబ్రిడ్ కారు లాంటి పెద్ద కరెంటు పనులకు: సమంగా పడిన, ముందే ఆక్సిడైజ్ చేసిన కోబాల్ట్ పొర, దానికి తోడు పలుచని ఎలక్ట్రోడ్. మందమైన ఎలక్ట్రోడ్‌ను కోటింగ్ ఒక్కటే కాపాడలేదు. రిమోట్, గోడ గడియారం, బొమ్మల సెల్స్‌కు పెద్ద కరెంటు అక్కర్లేదు, కానీ అడుగంటిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి అక్కడా సోడియం చేరిన పొరే. ఎప్పుడూ ఛార్జ్‌లోనే ఉండి, అదుపులో డిశ్చార్జ్ అయ్యే బ్యాకప్ ప్యాక్‌కు అంత ఖర్చు పెట్టకండి. కోబాల్ట్ హైడ్రాక్సైడ్ పొర, లేదా మోనాక్సైడ్ కలిపిన పేస్టు చాలు. వోల్టేజ్ మరీ పడకముందే ఆపేసే కటాఫ్ సర్క్యూట్ మంచిది పెట్టండి.

కొత్త పౌడర్‌కు మారే ముందు ఇంకొక్క పని ఉంది. కోబాల్ట్ హైడ్రాక్సైడ్ పౌడర్ నుంచి ముందే ఆక్సిడైజ్ చేసినదానికి మారితే, నెగెటివ్‌లో ఇంతకాలం ఉచితంగా దొరికిన రిజర్వ్ పోతుంది. నెగెటివ్-పాజిటివ్ నిష్పత్తిని మార్చకుండా పాత డిజైన్‌లోనే పోస్తే, డిశ్చార్జ్ చివర్లో నెగెటివ్ ముందుగా ఖాళీ అయ్యి మిశ్రలోహం ఆక్సిడైజ్ కావడం మొదలవుతుంది. మొదటి కొన్ని సైకిళ్లలో అంతా బాగున్నట్టే ఉండి, తర్వాత కెపాసిటీ జారుతుంది. అప్పుడు నింద కొత్త కోటింగ్ మీద పడుతుంది. కొత్త పౌడర్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే పైపొర కోబాల్ట్ శాతం, దాని సగటు వేలెన్సీ రెండూ రాతలో తీసుకుని, రిజర్వ్‌ను మళ్లీ లెక్కేసి, మూడో ఎలక్ట్రోడ్‌గా రిఫరెన్స్ పెట్టిన సెల్‌లో ఏ ప్లేటు ముందు ఖాళీ అవుతోందో చూశాకే లైన్ మీదకు ఎక్కించండి.